చేజేతులా జారవిడుచుకున్న దామాషా

2024 జూలై 4న జరిగిన బ్రిటిష్ సాధారణ ఎన్నికల్లో లేబర్ పార్టీకి పోలైన ఓట్లలో 33.7 శాతం లభించాయి. కామన్స్ సభలోని 650 స్థానాల్లో 411 దక్కాయి. నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ యూకే పార్టీకి 41 లక్షలకు పైగా ఓట్లు పడినా గెలిచినవి ఐదు స్థానాలే. లేబర్ సగటున 24 వేల ఓట్లకొక సభ్యుణ్ణి గెలిపించుకుంటే, రిఫార్మ్ ఒక్కొక్క సభ్యుడి కోసం ఎనిమిది లక్షలకు పైగా ఓట్లు వెచ్చించవలసి వచ్చింది. ఆ తరువాత నడిచిన చర్చను గమనిస్తే బ్రిటన్ ఏదో కొత్త వింతను చూసినట్టు అనిపిస్తుంది. నిజానికి ఈ వింత వయసు నూరేళ్లు. దీనికి మొట్టమొదట బలైన పెద్ద పార్టీ అధికారం ఎరుగని నిరసన పక్షం కాదు. ప్రధాని పీఠం తమవాడిదై ఉండగా, ఎన్నికల చట్టం సభ ముందే ఉండగా, మార్చుకునే అవకాశాన్ని కాలదన్నుకున్న లిబరల్ పార్టీ అది.

నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాడే విజేత, సగానికి పైగా రావలసిన పనిలేదు అన్న నియమాన్ని భారత పాఠకుడికి ప్రత్యేకించి వివరించనక్కరలేదు. మనం అనుసరిస్తున్నదీ అదే. అయితే ఇది బ్రిటన్‌లో అనాదిగా వస్తున్న ఏర్పాటు అనుకోవడం పొరపాటు. 1885 వరకు అక్కడి నియోజకవర్గాల్లో అధికభాగం ఇద్దరేసి సభ్యులను పంపేవి. 1867 సంస్కరణ చట్టం బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లీడ్స్, లివర్‌పూల్ వంటి నగరాలకు ముగ్గురేసి సభ్యులను ఇచ్చి, ఓటరుకు మాత్రం రెండే ఓట్లు ఇచ్చింది. మూడో స్థానమైనా అల్పసంఖ్యాక పక్షానికి దక్కాలన్నది ఉద్దేశం. బర్మింగ్‌హామ్ లిబరల్స్ దీనికి విరుగుడు కనిపెట్టారు. ఏ వార్డు ఓటర్లు ఏ ఇద్దరికి ఓటు వేయాలో పార్టీయే లెక్కగట్టి చెప్పింది. వారు తు.చ. తప్పకుండా పాటించారు. 1868లో మూడు స్థానాలూ లిబరల్స్‌కే వచ్చాయి. వార్డు కమిటీలు, ఓటర్ల జాబితాలు, పై నుంచి కింది వరకు క్రమశిక్షణ అనే ఆధునిక పార్టీ యంత్రాంగానికి అక్కడ పురుడు పోసినది ఈ ఓట్ల పంపకమే. చట్టం పార్టీని తీర్చిదిద్దుతుందంటారు గానీ, చట్టాన్ని ఎలా వంచాలో నేర్చుకుంటూ కూడా పార్టీలు పెరిగాయి.

ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడు అన్న సూత్రం 1884లో లిబరల్ ప్రధాని గ్లాడ్‌స్టన్‌కూ కన్సర్వేటివ్ నాయకుడు సాలిస్‌బరీకీ మధ్య కుదిరిన ఒప్పందంతో స్థిరపడింది. సాలిస్‌బరీ ఆలోచన సూటిగా ఉంది. పెద్ద నియోజకవర్గాలను ముక్కలు చేస్తే, కార్మిక వాడల నుంచి వేరుపడిన సంపన్న శివారు ప్రాంతాలు తన పార్టీకి కంచుకోటలవుతాయి. అవి అయ్యాయి కూడా. కొత్త విధానం తమకు ఏం చేస్తుందో లిబరల్స్ అప్పట్లో అంత లోతుగా ఆలోచించలేదు. రంగంలో రెండే పెద్ద పార్టీలు ఉన్నంతకాలం ఆలోచించవలసిన అగత్యమూ కలగలేదు.

మూడో పార్టీకి తలుపు తీసింది కూడా లిబరల్సే. 1900లో ఏర్పడిన లేబర్ ప్రాతినిధ్య సంఘం ఆ ఏడాది ఎన్నికల్లో రెండు స్థానాలు గెలిచింది. 1903లో లిబరల్ చీఫ్ విప్ హెర్బర్ట్ గ్లాడ్‌స్టన్, లేబర్ కార్యదర్శి రామ్సే మెక్‌డొనాల్డ్ రహస్య ఒప్పందం చేసుకున్నారు. ఎంపిక చేసిన కొన్ని స్థానాల్లో ఒకరిపై ఒకరు అభ్యర్థిని నిలపకూడదన్నది దాని సారాంశం. మన భాషలో చెప్పాలంటే సీట్ల సర్దుబాటు. 1906లో లిబరల్స్ అఖండ విజయం సాధించారు, లేబర్ 29 స్థానాలతో సభలో కాలు మోపింది. ఓట్లు చీలకుండా చూసుకున్నామని లిబరల్ నాయకత్వం మురిసిపోయింది. పొరుగువాడికి ఇంట్లో ఒక గది ఇచ్చి, అతడు ఎప్పటికీ ఆ గదిలోనే ఉంటాడని నమ్మడం లాంటిది అది.

అసలు అవకాశం యుద్ధకాలంలో వచ్చింది. లక్షలాది సైనికులు విదేశీ కందకాల్లో ఉన్నారు. నివాస నిబంధన కారణంగా వారి పేర్లు ఓటర్ల జాబితాల నుంచి జారిపోతున్నాయి. ప్రాణం పణంగా పెట్టినవాడికి ఓటు లేదనడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఈ చిక్కుముడి విప్పడానికి 1916లో స్పీకర్ జేమ్స్ లౌథర్ అధ్యక్షతన అన్ని పార్టీల సభ్యులతో ఒక సమావేశం ఏర్పాటైంది. 1917 జనవరిలో అది నివేదిక ఇచ్చింది. పురుషులందరికీ ఓటు, ఒక వయసు దాటిన స్త్రీలకు ఓటు అన్న సిఫారసులు చరిత్ర ప్రసిద్ధాలు. అదే నివేదికలో ఎవరికీ అంతగా గుర్తులేని మరో రెండు సిఫారసులు ఉన్నాయి. మొదటిది, పెద్ద నగరాల్లో ముగ్గురు నుంచి ఐదుగురు సభ్యులను పంపే నియోజకవర్గాలు ఏర్పరచి, ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్యక్రమం ఇచ్చే దామాషా పద్ధతి పెట్టాలి. దీనిమీద సమావేశం ఏకగ్రీవంగా నిలిచింది. రెండోది, మిగిలిన ఏకసభ్య స్థానాల్లో ప్రత్యామ్నాయ ఓటు. ఎవరికీ సగం ఓట్లు రాకపోతే అట్టడుగు అభ్యర్థిని తొలగించి, అతడి ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం పంచడం. శాసనమండలి పట్టభద్రుల స్థానాల లెక్కింపు రాత్రింబవళ్లు సాగడం చూసిన తెలుగు ఓటరుకు ఇది కొత్త కాదు.

ఆ నివేదిక వచ్చేనాటికి ప్రధాని లాయిడ్ జార్జ్. 1916 డిసెంబరులో ఆస్క్విత్‌ను దించి, కన్సర్వేటివ్‌ల మద్దతుతో గద్దెనెక్కిన లిబరల్. దామాషా మీద ఆయనకు విముఖతే తప్ప ఆసక్తి లేదు. అది ప్రజాస్వామ్యాన్ని ఓడించే ఉపాయమనీ, నానారకాల వెర్రివాదులను సభలోకి తెస్తుందనీ ఆయన అభిప్రాయం. ప్రభుత్వం ఆ అంశాన్ని సభ్యుల ఇష్టానికి వదిలేసింది. 1917 జూన్‌లో జరిగిన ఓటింగ్‌లో దామాషా ప్రతిపాదన 141 మంది అనుకూలంగా, 149 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా వీగిపోయింది. ఎనిమిది ఓట్ల తేడా. విప్‌లను కదిలించి, పదిమందికి నచ్చజెప్పే పని ప్రధాని చేసి ఉంటే ఆ రోజు ఫలితం తారుమారయ్యేది.

ఆ తరువాత నడిచిన నాటకంలో ప్రతి పాత్రా తన లెక్క తాను వేసుకుంది. కామన్స్ సభలోని లిబరల్స్‌కు ప్రత్యామ్నాయ ఓటు మీద మక్కువ. లేబర్ ఓటరు రెండో ప్రాధాన్యం తమకే ఇస్తాడని వారి ఆశ. 1917 ఆగస్టులో అది 125-124 తేడాతో, అంటే ఒకే ఒక్క ఓటుతో నెగ్గింది. ప్రభువుల సభకు ప్రత్యామ్నాయ ఓటంటే భయం, దామాషా అంటే ప్రేమ. కోట్లాది కొత్త ఓటర్ల వెల్లువకు అదొక ఆనకట్ట అవుతుందని కన్సర్వేటివ్ ప్రభువుల ఊహ. కింది సభ పంపినదాన్ని పై సభ కొట్టివేయడం, పై సభ చేర్చినదాన్ని కింది సభ తీసివేయడం నెలల తరబడి సాగింది. లేబర్‌లోనూ ఏకాభిప్రాయం లేదు. ఫిలిప్ స్నోడెన్ దామాషాను సమర్థించాడు, మెక్‌డొనాల్డ్ వ్యతిరేకించాడు. పెద్ద పార్టీగా ఎదగదలచిన చిన్న పార్టీకి దామాషా ఎందుకన్నదే మెక్‌డొనాల్డ్ వాదనలోని అంతరార్థం. ముగ్గురిలో దూరదృష్టి ఆయనకే ఉందనక తప్పదు.

చివరికి 1918లో రాజీ కుదిరింది. ప్రత్యామ్నాయ ఓటు పోయింది. సుమారు వంద స్థానాల్లో ప్రయోగాత్మకంగా దామాషా పెట్టే పథకం తయారుచేయాలని చట్టంలో రాసుకున్నారు. ఆ పథకం సభ ముందుకు రాగానే కామన్స్ దాన్నీ తిరస్కరించింది. ఒకరికంటే ఎక్కువ సభ్యులను పంపే విశ్వవిద్యాలయ స్థానాల్లో మాత్రం ప్రాధాన్య ఓటు మిగిలింది. ఓటర్ల సంఖ్య 77 లక్షల నుంచి 2 కోట్ల 14 లక్షలకు ఎగబాకింది. ఓటర్లు కొత్తవారు, పార్టీలు మూడు, ఓట్ల లెక్క మాత్రం రెండు పార్టీల కాలం నాటిది.

ఇందులో మరొక వైచిత్రి ఉంది. మూడేళ్లు తిరగకముందే ఇదే లాయిడ్ జార్జ్ ప్రభుత్వం 1920 ఐర్లండ్ చట్టంలో అక్కడి రెండు పార్లమెంటులకూ దామాషా పద్ధతినే విధించింది. ప్రొటెస్టెంట్, క్యాథలిక్ అల్పసంఖ్యాకులకు రక్షణ కావాలి కనుక అక్కడ అది న్యాయమైంది. లండన్‌లో వెర్రివాదుల ద్వారం, డబ్లిన్‌లో శాంతి సాధనం. స్వతంత్ర ఐర్లండ్ దాన్ని నేటికీ వదల్లేదు. ఉత్తర ఐర్లండ్‌లో మెజారిటీ యూనియనిస్టు ప్రభుత్వం తన పట్టు బిగించుకోవడానికి 1929లో పార్లమెంటు ఎన్నికల నుంచి తీసివేసింది. ఆ తరువాత అక్కడ ఏం జరిగిందో ప్రపంచం ఎరుగును.

లిబరల్స్‌కు బిల్లు చెల్లించవలసిన ఘడియ త్వరలోనే వచ్చింది. 1918 డిసెంబరు ఎన్నికల్లో లాయిడ్ జార్జ్, కన్సర్వేటివ్ నాయకుడు బోనర్ లా కలిసి సంతకం చేసిన సమర్థన లేఖ అందుకున్నవారే ప్రభుత్వ అభ్యర్థులు. యుద్ధకాలపు రేషన్‌ను గుర్తుచేస్తూ ఆస్క్విత్ దాన్ని కూపన్ అని ఎగతాళి చేశాడు. ఆ పేరే చరిత్రలో నిలిచింది. కూపన్ లేని లిబరల్స్ నలభై మంది లోపే గెలిచారు. 32 ఏళ్లుగా తనదైన ఈస్ట్ ఫైఫ్‌లో ఆస్క్విత్ స్వయంగా ఓడిపోయాడు. ఈ ఓటమికి పార్టీ చీలిక కారణమే. కానీ చీలిన పార్టీలు అతుక్కోవడం చరిత్రలో చాలాసార్లు జరిగింది. 1923లో లిబరల్సూ అతుక్కున్నారు. అతుక్కున్నాక కూడా లేవలేకపోవడానికి కారణం వేరే చూడాలి.

1923 డిసెంబరు ఎన్నికలు దిగుమతి సుంకాల మీద జరిగాయి. స్వేచ్ఛా వాణిజ్యం పేరిట లిబరల్స్ ఏకమయ్యారు. కన్సర్వేటివ్‌లకు 258, లేబర్‌కు 191, లిబరల్స్‌కు 158 స్థానాలు వచ్చాయి. లేబర్, లిబరల్స్ మధ్య ఓట్ల తేడా ఒక శాతం మాత్రమే. లేబర్‌కు 30.7, లిబరల్స్‌కు 29.7. ఎవరికీ మెజారిటీ లేదు, తాళం చెవి ఆస్క్విత్ చేతిలో ఉంది. లేబర్‌ను ఎప్పటికైనా పరీక్షించక తప్పదనుకుంటే ఇంతకంటే సురక్షితమైన సమయం దొరకదని ఆయన భావించాడు. 1924 జనవరిలో మెక్‌డొనాల్డ్ తొలి లేబర్ ప్రధాని అయ్యాడు. ఇప్పుడు లిబరల్స్ దామాషా కోరారు. ఆ ఏడాది మేలో ఒక లిబరల్ సభ్యుడు తెచ్చిన బిల్లు లేబర్ సభ్యుల్లో అత్యధికుల వ్యతిరేకతతో ఓడిపోయింది. మద్దతుకు ముందే షరతు పెట్టని ఆస్క్విత్, మద్దతు తీసుకున్నాక మాట వినని మెక్‌డొనాల్డ్. సంకీర్ణ రాజకీయాల ఓనమాలు భారతదేశంలోని ఏ ప్రాంతీయ పార్టీ నాయకుడినడిగినా ఆస్క్విత్ కంటే బాగా చెప్పగలడు.

పది నెలల్లోపే ఆ ప్రభుత్వం కూలింది. 1924 అక్టోబరు ఎన్నికల్లో లిబరల్స్‌కు 17.8 శాతం ఓట్లు వచ్చాయి, స్థానాలు 40. కన్సర్వేటివ్ సభ్యుడొకరు సుమారు 19 వేల ఓట్లకు గెలిస్తే, లిబరల్ సభ్యుడొకరికి సుమారు 73 వేలు పట్టాయి. బొగ్గు గనుల లోయల్లో, మిల్లుల పట్టణాల్లో లేబర్ ఓటు కుప్పపోసినట్టు ఉంది. శివార్లలో, ఇంగ్లండ్ దక్షిణ జిల్లాల్లో కన్సర్వేటివ్ ఓటూ అంతే. లిబరల్ ఓటు దేశమంతటా పలుచగా పరచుకుంది. అన్నిచోట్లా గౌరవప్రదమైన రెండో స్థానమో మూడో స్థానమో, గెలుపు మాత్రం లేదు. ఇక వీళ్లు గెలవరని ఓటరుకు ఒకసారి అనిపించాక, వచ్చే ఎన్నికలో ఆ ఓటు కూడా పక్కకు జారుతుంది. పేస్లీలో ఓడిన ఆస్క్విత్ ఇక కామన్స్ ముఖం చూడలేదు.

1925లో లాయిడ్ జార్జ్ మాంచెస్టర్ గార్డియన్ సంపాదకుడు సి.పి. స్కాట్‌తో తన పశ్చాత్తాపాన్ని పంచుకున్నాడు. 1918లో ఎవరైనా తన దగ్గరకు వచ్చి ఈ విషయమంతా విడమరచి చెప్పి ఉండవలసిందనీ, ప్రధానిగా ఉన్న తాను అప్పుడు దాన్ని నెగ్గించగలిగేవాడిననీ, ఇప్పుడు సమయం మించిపోయిందనీ ఆయన మాటల తాత్పర్యం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఎవరూ చెప్పలేదనడం కూడా పూర్తి నిజం కాదు. దామాషా కోసం దశాబ్దాలుగా ఉద్యమిస్తున్న సంఘం ఆ దేశంలో ఉంది, ఏకగ్రీవ సిఫారసు ఆయన బల్ల మీదే ఉంది. 1929లో మరోసారి మూడు పార్టీల సభ వచ్చింది. ఈసారి లిబరల్స్ బేరమాడి ప్రత్యామ్నాయ ఓటు బిల్లును కామన్స్‌లో నెగ్గించగలిగారు. ప్రభువుల సభ దాన్ని సవరణలతో నీరుగార్చింది, 1931 ఆగస్టులో ప్రభుత్వమే పడిపోవడంతో బిల్లూ పోయింది.

తరువాతి కథలో పాత్రలు మారాయి గానీ తీరు మారలేదు. 1951లో లేబర్‌కు 1 కోటి 39 లక్షల ఓట్లు, కన్సర్వేటివ్ కూటమికి 1 కోటి 37 లక్షలు. అధికారం కన్సర్వేటివ్‌లది. లేబర్ కిమ్మనలేదు. ఈరోజు తమను ముంచిన పద్ధతే రేపు తమను తేలుస్తుందని రెండు పెద్ద పార్టీలకూ తెలుసు. 1983లో లిబరల్, సోషల్ డెమోక్రాట్ కూటమికి 25.4 శాతం ఓట్లు, 23 స్థానాలు. లేబర్‌కు 27.6 శాతం ఓట్లు, 209 స్థానాలు. వరసగా ఓడుతున్న లేబర్‌లో అప్పుడు కొందరికి దామాషా గుర్తొచ్చింది. 1997 ఎన్నికల ప్రణాళికలో టోనీ బ్లెయిర్ ప్రజాభిప్రాయ సేకరణ హామీ ఇచ్చాడు. ఘనవిజయం తరువాత రాయ్ జెంకిన్స్ అధ్యక్షతన కమిషన్ వేశాడు, 1998లో నివేదిక తీసుకున్నాడు, అటకెక్కించాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అన్న సామెతకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. ఆ జెంకిన్స్ ఆస్క్విత్ జీవిత చరిత్రకారుడు కావడం ఒక యాదృచ్ఛికం. 2011లో లిబరల్ డెమోక్రాట్లు సంకీర్ణ భాగస్వాములుగా ప్రజాభిప్రాయ సేకరణ సాధించుకున్నారు. అదీ దామాషా మీద కాదు, ఏడాది కిందట వారి నాయకుడు నిక్ క్లెగ్ స్వయంగా నాసిరకం రాజీ అని తీసిపారేసిన ప్రత్యామ్నాయ ఓటు మీద. 67.9 శాతం మంది వద్దన్నారు.

ఈ పద్ధతిని భారతదేశం కళ్లు మూసుకుని స్వీకరించిందన్న విమర్శ తరచుగా వినిపిస్తుంది. అది సరికాదు. 1949 జనవరి 4న రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ లోక్‌సభకు దామాషా పద్ధతి కోరుతూ సవరణ ప్రతిపాదించారు. అంబేడ్కర్ దాన్ని రెండు కారణాలతో తోసిపుచ్చారు. ప్రాధాన్య ఓటుకు అక్షరాస్యత విస్తృతంగా ఉండాలి, ఆనాటి దేశంలో అది లేదు. రెండోది, చట్టసభ చిన్న చిన్న వర్గాలుగా చీలితే ప్రభుత్వం నిలవదు. మొదటి కారణం నాటి పరిస్థితిది, రెండోది నేటికీ వాదనకు నిలుస్తుంది. శాసనసభ్యులు ఎన్నుకునే రాజ్యసభకు మాత్రం రాజ్యాంగం దామాషానే ఉంచింది. ఫలితాలు బ్రిటన్‌ను తలదన్నాయి. 1951-52లో కాంగ్రెస్‌కు 45 శాతం ఓట్లకు 489లో 364 స్థానాలు, 2014లో బీజేపీకి 31 శాతం ఓట్లకు 543లో 282 స్థానాలు. కుప్పపోసిన ఓటుకూ పలుచగా పరచిన ఓటుకూ తేడా తెలియాలంటే 1984 చూడాలి. దేశవ్యాప్తంగా ఏడున్నర శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న బీజేపీకి రెండు స్థానాలు వచ్చాయి. అందులో ఒకటి పి.వి. నరసింహారావును చందుపట్ల జంగారెడ్డి ఓడించిన హన్మకొండ. సుమారు నాలుగు శాతం ఓట్లు, అవీ ఆంధ్రప్రదేశ్‌లోనే, తెచ్చుకున్న తెలుగుదేశం 30 స్థానాలతో లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. పద్ధతిని నిందించడానికి బీజేపీకి ఆనాడు కావలసినంత కారణం ఉంది. మూడు దశాబ్దాల తరువాత ఆ అవసరం తీరిపోయింది.

లిబరల్స్ వారసులైన లిబరల్ డెమోక్రాట్లు నూరేళ్లకు ఈ విద్య నేర్చుకున్నారు. 2024లో వారికి వచ్చిన ఓట్లు 12.2 శాతం, రిఫార్మ్‌కు వచ్చిన 14.3 శాతం కంటే తక్కువ. అయినా గెలవగల స్థానాల మీదే బలగమంతా మోహరించి 72 గెలుచుకున్నారు. దామాషా ఉన్నా అంతకంటే మహా అయితే ఏ ఏడెనిమిదో ఎక్కువ వచ్చేవి. అయినా తమ పాత డిమాండును వారు వదులుకోలేదు. ఆ ఏడాది డిసెంబరు 3న వారి సభ్యురాలు సారా ఓల్నీ కామన్స్‌లో దామాషా బిల్లును ప్రవేశపెట్టడానికి అనుమతి కోరారు. 138 మంది ఔనన్నారు, 136 మంది కాదన్నారు. 1917లో ఎనిమిది ఓట్లతో ఓడిన ప్రతిపాదన ఈసారి రెండు ఓట్లతో గెలిచింది. అయితే సాధారణ సభ్యులు తెచ్చే అటువంటి బిల్లు ప్రభుత్వం సభాకాలం కేటాయిస్తే తప్ప ముందుకు సాగదు. మూడో వంతు ఓట్లతో 411 స్థానాలు గెలిచిన ప్రభుత్వం, ఎన్నికల పద్ధతిని మార్చే ఆలోచన తమకు లేదని చెప్పింది.